బరువూ దూరమూ

బూమ్ పోల్ అనే పనిముట్టుకు మన భాషలో పేరు లేదు. మన పొలాల్లో అది పెద్దగా కనబడదు కూడా. అమెరికా పల్లెల్లో, ముఖ్యంగా చిన్న రైతుల దొడ్లలో, ఏదో ఒక మూల గడ్డిలో తుప్పుపట్టి పడి ఉంటుంది. ఆరేడడుగుల ఇనుప గొట్టం. ఒక చివర ట్రాక్టరు వెనక తగిలించడానికి త్రికోణాకారపు చట్రం. రెండో చివర ఒక కొక్కెం, మధ్యలో ఇంకొకటో రెండో. ట్రాక్టరు వెనక నాగలిని పైకెత్తే రెండు కింది చేతులకూ, వాటి పైనుండే టాప్ లింక్‌కూ ఈ చట్రాన్ని బిగిస్తారు. సీటు పక్కనున్న చిన్న మీటను కదిపితే నూనె ఒత్తిడికి ఆ చేతులు లేస్తాయి. వాటితోపాటు గొట్టం లేస్తుంది. గొలుసుకు వేలాడదీసిన బరువు లేస్తుంది. పాత ఇంజను, కొట్టేసిన చెట్టు మొద్దు, పశువుల తొట్టి, ఏదైనా సరే. అంతే దాని పని.

ఇలాంటి వస్తువు గురించి స్త్రీల పత్రికలో రాయాల్సిన అవసరమేమిటని ఎవరైనా అడగవచ్చు. నా వరకు సమాధానం సూటిగానే ఉంది. ఈ గొట్టంతో పని నేర్చుకునేటప్పుడు నాకు మొదటిసారి బరువును లెక్కగా చూడడం వచ్చింది. అంతకుముందు బరువంటే నాకు మా అమ్మ మెడ, మా అమ్మ నడుము, ఆమె కడుపులో జారిన గర్భసంచి. ఆమె శరీరం మీద ఇన్నేళ్ళు జరిగినదానికి ఒక లెక్క ఉందని, ఆ లెక్క ఎవరూ వేయలేదని, వేయకపోవడం ఊరికే జరిగింది కాదని నాకు అర్థమైంది ఒక ట్రాక్టరు వెనక నిలబడ్డప్పుడే.

మేము 2011 నుంచి మిస్సోరి రాష్ట్రంలో కొలంబియా నగరానికి కొంత దూరంలో, ఎనిమిదెకరాల స్థలంలో ఉన్న పాత ఇంట్లో ఉంటున్నాం. మా పక్క పొలం ఆవిడకు డెబ్బై దాటాయి. 1973లో పెళ్ళి చేసుకుని ఈ పొలానికి వచ్చింది. పాలు పితికింది, దూడల్ని సాకింది, లెక్కలు రాసింది, గడ్డి కోతల రోజుల్లో పొద్దుగూకేదాకా ట్రాక్టరు నడిపింది. అయినా 2015లో భర్త పోయేనాటికి ట్రాక్టరు వెనక ఒక్క పరికరాన్ని కూడా తన చేత్తో తగిలించి ఎరగదు. తగిలించడం, విప్పడం, సర్దడం ఆయన పని. ఆమె ఎక్కి కూర్చునేటప్పటికి అంతా సిద్ధంగా ఉండేది. ఇందులో ప్రేమ లేదని నేననను. కానీ ట్రాక్టరు నడపడం వేరు, దాని వెనక ఏమి తగిలించాలో, దానితో ఏమి చేయాలో నిర్ణయించడం వేరు. మొదటిది కూలి, రెండోది అధికారం.

భర్త పోయాక పట్నంలో ఉన్న కొడుకులు పొలం అమ్మేయమన్నారు. పనిముట్లు ఎవరు ఎత్తుతారమ్మా అన్నారట. ఆమె అమ్మలేదు. పాత మాన్యువల్ తీసి చదివింది. భర్త ఎప్పుడో కొని పడేసిన బూమ్ పోల్‌ను గడ్డిలోంచి బయటకు లాగించి, మొదట ఖాళీ పీపాల్ని ఎత్తి దించడం సాధన చేసింది. తర్వాత నీళ్ళు పోసిన పీపాలు. లీటరు నీళ్ళు కిలో కనుక బరువెంతో ఆమెకు కచ్చితంగా తెలిసేది. ఒక్కో బకెట్ పెంచుకుంటూ పోయింది. ఎవరూ నేర్పని వాళ్ళు నేర్చుకునే పద్ధతి ఇది. మన ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నదీ, అక్షరాలు నేర్చుకున్నదీ ఇలాగే.

అమెరికా వ్యవసాయ గణనలో 1978 దాకా పొలం నడిపేది ఆడా మగా అన్న ప్రశ్నే లేదు. 2002 గణనకు ముందు ఒక్కో పొలానికి ఒక్కరి వివరాలే రాసుకునేవారు. ఆ ఒక్కరూ ఎవరై ఉంటారో చెప్పనక్కర్లేదు. దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆవిడ పొద్దున నాలుగింటికి లేచి చేసిన పని ఆ కాగితాల మీద లేదు. ప్రశ్నలు మార్చి అడిగాక 2017లోనూ, 2022లోనూ వ్యవసాయం చేసేవాళ్ళలో 36 శాతం మంది స్త్రీలని తేలింది. సంఖ్యలో పన్నెండు లక్షల పైమాట. వాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు. చాలామంది అంతకుముందూ అక్కడే ఉన్నారు. ఇంటిపని, పశువుల పని, పెరటి పని చేసే కోట్లాది స్త్రీలను మన జనాభా లెక్కలు ఏళ్ళ తరబడి 'పనిచేయని వారి' గళ్ళలో వేసిన సంగతి మనకు కొత్త కాదు. సంపన్న దేశమైనా పేద దేశమైనా ఈ ఒక్క గడి మాత్రం ఒకేలా ఉంది.

2019 శీతాకాలంలో నాకు గర్భసంచి తీసేశారు. ఆరు వారాలపాటు పది పౌండ్లకు మించి ఎత్తకూడదన్నారు. అంటే నాలుగున్నర కిలోలు. నిండు బిందెలో సగం కూడా కాదు. నా భర్త వారంలో నాలుగు రోజులు ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉండేవాడు. అదే నెలలో ఇంటికి కట్టెల పొయ్యి తెప్పించుకున్నాం. పోత ఇనుముది, 180 కిలోలు. దాన్ని తెచ్చినతను పికప్ ట్రక్కు దగ్గరే నిలబడి, మీ ఆయన ఎప్పుడొస్తాడు, ఇంకో ఇద్దరు మగాళ్ళను పిలవగలరా అని అడిగాడు. నేను పక్కావిడకు ఫోన్ చేశాను.

ఆవిడ వచ్చి ముందు పొయ్యిని చూడలేదు. నన్ను మూడు ప్రశ్నలడిగింది. ఎంత బరువు? ఇరుసు నుంచి ఎంత దూరం? ముందు చక్రాల మీద ఎంత ఉంది? ఆ తర్వాత ఒక అట్టముక్క మీద లెక్క వేసి చూపించింది. దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ లెక్కలోనే ఉంది.

ట్రాక్టరుకు వెనక ఇరుసు తక్కెడ ముల్లు లాంటిది. ముందువైపు ట్రాక్టరు బరువు ఉంటుంది, వెనకవైపు మనం ఎత్తిన బరువు ఉంటుంది. ఆవిడ చిన్న ట్రాక్టరుకు ముందు చక్రాల మీద పడే బరువు దాదాపు 500 కిలోలు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 1.7 మీటర్లు. పొయ్యిని గొట్టం చివరి కొక్కేనికి, అంటే వెనక ఇరుసుకు 2.4 మీటర్ల దూరంలో వేలాడదీస్తే, 180ని 2.4తో గుణించి 1.7తో భాగించాలి. దాదాపు 254 కిలోలు. ముందు చక్రాల మీది బరువులో సగం ఎగిరిపోయిందన్న మాట. గొట్టం బరువు కూడా వెనకవైపే కాబట్టి ఇంకొంచెం పోతుంది. ట్రాక్టరును మలిపేవి ముందు చక్రాలే. అవి నేలను సరిగ్గా తాకకపోతే స్టీరింగ్ తిప్పినా ఫలితం ఉండదు. మొత్తం బరువులో కనీసం అయిదో వంతు ముందు చక్రాల మీద నిలవాలని ఇక్కడి వ్యవసాయ విస్తరణ శాఖలవాళ్ళు చెబుతారు. అదే పొయ్యిని మధ్య కొక్కేనికి, 1.6 మీటర్ల దూరంలో తగిలిస్తే? 170 కిలోలే పోతాయి. బరువు అదే. దూరం ఒక చేతి పొడవు తగ్గింది. ఆ చేతి పొడవులో 80 కిలోలకు పైగా ఉన్నాయి.

ఆవిడ మధ్య కొక్కెం ఎంచుకుంది. ట్రాక్టరు ముక్కుకు తగిలించే ఇనుప దిమ్మల్ని కూడా రెండు వేసింది. గొలుసు బిగిశాక పొయ్యిని ట్రక్కు మీంచి నాలుగు వేళ్ళ ఎత్తు మాత్రమే లేపింది. ట్రాక్టరును అంగుళం కూడా కదపలేదు. ట్రక్కునే ముందుకు తీసుకెళ్ళమంది. ట్రక్కు పొయ్యి కిందనుంచి జారుకుంది. ఆవిడ మీటను మెల్లగా వెనక్కి వదిలింది. పొయ్యి చెక్కబండి మీద కూర్చుంది. పది నిమిషాలు పట్టింది. అందులో ఏడు నిమిషాలు లెక్కకే. తెచ్చినతను గొలుసు పట్టుకుని సాయం చేశాడు కానీ, ఇద్దరు మగాళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇది చదివి, యంత్రం ఉంటే చాలు స్త్రీకి బలం వచ్చేస్తుందని నేనంటున్నట్టు అనిపించవచ్చు. అదంత సుళువు కాదు. ఈ పనిముట్టు చంపుతుంది కూడా. ట్రాక్టరు వెనక మూడు చోట్ల బిగించే ఈ ఏర్పాటును ప్రచారంలోకి తెచ్చింది ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. అంతకుముందు ట్రాక్టర్లలో నాగలి రాయికో వేరుకో తగులుకుంటే, ముందు చక్రాలు గాల్లోకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడి నడిపేవాళ్ళ మీద పడేది. ఫెర్గూసన్ ఏర్పాటులో నాగలి మీద పడే ఒత్తిడే ట్రాక్టరు ముందు భాగాన్ని నేలకు అదిమిపెడుతుంది. 1939లో హెన్రీ ఫోర్డ్‌తో కలిసి ఆ ట్రాక్టరును విడుదల చేసినప్పుడు, ఎంత సులువో చూపించడానికి ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేత దున్నించారు. తిరగబడకుండా ఉండడానికి చేసిన అదే ఏర్పాటుకు పొడవాటి గొట్టం బిగించి, దూరంగా బరువు వేలాడదీస్తే, పోయిన ప్రమాదాన్ని వెనక్కి పిలిచినట్టే. ఇక బూమ్ పోల్‌తో మొద్దుల్ని ఈడ్చడం అన్నిటికన్నా ప్రమాదం. ఈడ్చే గొలుసు ఎప్పుడూ ఇరుసుకన్నా కింద, డ్రాబార్‌కే ఉండాలి. ఎత్తులో కట్టి లాగితే ట్రాక్టరు దాని వెనక చక్రాల చుట్టూ అదే తిరుగుతుంది. ముందు చక్రాలు లేచాక ముప్పావు సెకను దాటితే ఇక ఆపలేరని భద్రతా పాఠాల్లో చెబుతారు. మనిషికి విషయం అర్థమై కాలు క్లచ్ మీదికి వెళ్ళేలోపు అంతా అయిపోతుంది.

తిరగబడ్డా నలిగిపోకుండా కాపాడే ఇనుప చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకు స్వీడన్ 1959లోనే తప్పనిసరి చేసింది. అమెరికాలో ఆ నిబంధన 1976 అక్టోబరు తర్వాత తయారైన, 20 గుర్రాల శక్తికి మించిన ట్రాక్టర్లకు వర్తించింది. అదీ జీతానికి పనిచేసేవాళ్ళు నడిపే వాటికి మాత్రమే. పొలం యజమాని కుటుంబ సభ్యులు ఆ చట్టం దృష్టిలో ఉద్యోగులు కారు. అంటే భార్య నడిపే ట్రాక్టరుకు చట్రం ఉందా లేదా అన్నది ప్రభుత్వానికి అక్కర్లేని విషయం. భార్య చేసేది పని కాదు కాబట్టి ఆమెకు జరిగేది పనిలో ప్రమాదమూ కాదు. ఈ తర్కం మనకు ఎంత పరిచయమో!

ఆ అట్టముక్క మీది లెక్కను నేను ఇంట్లోకి తెచ్చుకున్నాను. దాన్ని చూస్తున్నకొద్దీ ట్రాక్టరు స్థానంలో మా అమ్మ కనిపించడం మొదలుపెట్టింది.

మనిషి వెన్నూ ఇలాంటి తక్కెడే. వంగి ఒక బరువును ఒంటికి దూరంగా పట్టుకుంటే, దాన్ని ఆపాల్సింది వీపు కండరాలు. ఆ కండరాలు వెన్నుపూసకు అయిదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. పది కిలోల తట్టను అర మీటరు దూరంలో పట్టుకున్న మనిషి వీపు కండరం దాదాపు వంద కిలోల బలంతో లాగాలి. ఇది వంగిన ఒంటి బరువు కలపకుండానే. అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. ఒంటి నుంచి దూరం 25 సెంటీమీటర్లు ఉంటే ఆ అంకె అలాగే ఉంటుంది. 50 సెంటీమీటర్లయితే సగమైపోతుంది. బూమ్ పోల్ సూత్రమే ఇది. ఆడమనిషి నడుముకూ, ఇనుప గొట్టానికీ ప్రకృతి వేరు వేరు లెక్కలు రాయలేదు.

మా ఊరు మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది పల్లె. మాది మూడెకరాల కుటుంబం. అమ్మ వరిమోపులు మోసింది, పెంట గంపలు మోసింది, గడ్డి మోపులు, కట్టెల మోపులు, కాలువ నీళ్ళ బిందెలు మోసింది. చుట్టబట్ట పెట్టుకుని నెత్తిన ఎత్తుకునేది. ఇప్పుడు ఆలోచిస్తే నెత్తిన మోయడంలో ఎంత తెలివి ఉందో తెలుస్తుంది. బరువు సరిగ్గా వెన్నుపూస మీదుగా దిగుతుంది. దూరం సున్నా. లెక్క తెలియకుండానే మన ఆడవాళ్ళు సరైన కొక్కేన్ని ఎంచుకున్నారు. కానీ గంప నెత్తిమీదికి ఎక్కేలోపు, దిగేలోపు, ఆ రెండు మూడు క్షణాల్లో బరువు ఒంటికి చేతి పొడవు దూరంలో ఉంటుంది. ఎత్తేవాళ్ళు తోడు లేనప్పుడు గట్టుకు ఆనించి ఒక్కతే ఎత్తుకునేది. నా చెల్లెలు పుట్టిన ఇరవై రోజులకే మోపులకు వెళ్ళింది. ముప్ఫై ఆరేళ్ళకు గర్భసంచి కిందికి జారింది. ఆరేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. కూర్చుంటే నొప్పి, దగ్గితే తడి. పొలంలో నీళ్ళలో నిలబడి నాట్లేసే ఆడవాళ్ళకు తడిసిన చీరే తెర అయ్యేది. చివరికి పట్నంలో డాక్టరుకు చూపిస్తే, బరువు పనులు మానెయ్యమ్మా అన్నాడు. మానేస్తే ఎవరు చేస్తారన్నది ఆయన చీటీలో లేదు.

బరువు విషయంలో మా ఊళ్ళో ఇంకొక సంగతి కూడా ఉంది. హమాలీలు బస్తాలు మోస్తారు. బస్తాకు ఇంత అని రేటు ఉంటుంది. బస్తా 75 కిలోలని అందరికీ తెలుసు. కిలోలు పెరిగితే రేటు పెరగాలని వాళ్ళు కూర్చుని కొట్లాడగలరు. వాళ్ళ బాధ తక్కువని నేననడం లేదు. వాళ్ళ నడుములూ విరిగాయి. కానీ ఆ బరువుకు ఒక అంకె ఉంది. ఆడవాళ్ళు మోసే గంపకు అంకె లేదు. అది రోజు కూలిలో కలిసిపోతుంది, లేదా ఇంటిపనిలో కలిసిపోతుంది. రోజుకు ఎన్ని గంపలు, గంపకు ఎన్ని కిలోలు, ఎంత దూరం? అడిగినవాళ్ళు లేరు. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే, 34వ సెక్షన్‌లో, హాని కలిగించేంత బరువు ఎవరిచేతా మోయించరాదని, స్త్రీలు మోయగల గరిష్ఠ బరువును రాష్ట్రాలు నిర్ణయించవచ్చని చెప్పింది. ఆ చట్టం ఫ్యాక్టరీ గోడల లోపల గురించి మాట్లాడింది. పొలం గట్టు దాని పరిధిలోకి రాలేదు.

గంపల్లోనూ కులం ఉంది. మా అమ్మ మా పొలానికి మా పెంట మోసింది. మాదిగవాడ నుంచి వచ్చిన ఆడవాళ్ళు మా పెంటా మోశారు, పెద్ద కాపుల పెంటా మోశారు, తర్వాత ఇంటికి వెళ్ళి తమ నీళ్ళు తాము మోసుకున్నారు. వాళ్ళకు కాలువ రేవు దూరం. మాకన్నా ఎక్కువ దూరం. బరువును దూరంతో గుణిస్తేనే అసలు భారం తెలుస్తుందని నేను అట్టముక్క మీద నేర్చుకున్నాను. ఊరికి ఎవరి వాడ ఎంత దూరంలో ఉందన్నది కూడా ఆ గుణకారంలోదే. స్త్రీలందరి బరువూ ఒకటేనని చెప్పడం ఆ దూరాన్ని సున్నా చేయడమే.

మా ఊరికి ట్రాక్టర్లు వచ్చాయి. ఒక దృశ్యం మీరూ చూసే ఉంటారు. పెంటకుప్ప పక్కన ట్రాక్టరు, దాని వెనక ట్రాలీ. ఆరుగురు ఆడవాళ్ళు గంపలు నింపి, తలమీదికెత్తి, ట్రాలీ అంచుదాకా చేతులు చాపి గుమ్మరిస్తుంటారు. డ్రైవరు సీటు మీద కూర్చుని పాటలు వింటుంటాడు. అతని కుడిచేతి దగ్గరే హైడ్రాలిక్ మీట ఉంటుంది. పన్నెండు వందలో పదిహేను వందలో కిలోలు ఎత్తగల శక్తి ఆ మీట కింద ఖాళీగా ఉంటుంది. ఆ శక్తికీ ఆ గంపలకూ మధ్య ఒక్క ఇనుప పరికరం కూడా లేదు. దుక్కికి పరికరం ఉంది, దమ్ముకు కేజీవీల్స్ ఉన్నాయి, రోటవేటర్ ఉంది. మగవాళ్ళ పనిగా భావించిన వాటన్నిటికీ పరికరాలు వచ్చాయి. గంప మాత్రం గంపగానే ఉంది. ఆడకూలి చౌకగా దొరికినంతకాలం గంపకు బదులు ఇంకోటి కనిపెట్టాల్సిన అవసరం ఎవరికుంటుంది?

ఎస్టర్ బోసెరప్ 1970లో రాసిన పుస్తకంలో ఇదే గమనించింది. చేతిపనిగా ఉన్నంతకాలం స్త్రీలది. నాగలో ఇంజనో రాగానే అది పురుషులది. సింథియా కాక్‌బర్న్ 1981లో ఇంకో అడుగు ముందుకు వేసి, గడ్డికట్ట బరువు, సిమెంటు బస్తా బరువు ప్రకృతి నిర్ణయించినవి కావని, వాటి రూపకల్పనలోనే రాజకీయముందని వాదించింది. సిమెంటు బస్తా 50 కిలోలే ఎందుకు ఉండాలి? 25 కిలోలు ఎందుకు కాకూడదు? మన దేశంలో యూరియా బస్తాను 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. మోసేవాళ్ళ కోసం కాదు, ఎరువు వాడకం తగ్గుతుందని. అయినా ఒక్క నిర్ణయంతో బస్తా బరువు మారగలదని రుజువైంది. ముందుగా బరువును మగవాడి వీపుకు సరిపోయేలా చేసి, తర్వాత అది ఎత్తలేవు కనుక ఈ పని నీది కాదు అనడం, ఎంతకాలంగానో సాగుతున్న ఏర్పాటు.

అవసరమైనప్పుడు మాత్రం ఈ ఏర్పాటును చిటికెలో తీసి పక్కన పెడతారు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో విమెన్స్ లాండ్ ఆర్మీ పేరుతో ఆడపిల్లలకు ట్రాక్టర్లు అప్పగించారు. 1950లో ఆ సంస్థను రద్దు చేశారు. సోవియట్ యూనియన్‌లో పాషా ఏంజెలీనా 1933లో స్త్రీల ట్రాక్టర్ దళాన్ని నడిపింది. మా ఇంటికి వచ్చే సోవియట్ పత్రికల నున్నటి కాగితాల మీద ట్రాక్టరెక్కి నవ్వే స్త్రీలను చూసి మా నాన్న మురిసిపోయేవాడు. ఆ కాగితాలే మాకు పుస్తకాల అట్టలయ్యేవి. ఆ సమయంలో అమ్మ గడ్డిమోపు దించుతూ ఉండేది. ఈ రెండు దృశ్యాలూ ఒకే ఇంట్లో ఒకేసారి ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నడిపేదీ నవ్వేదీ బొమ్మలో ఉంది. ఆ ట్రాక్టరు ఎవరిది, మరమ్మతు ఎవరు నేర్చుకున్నారు, రాత్రి ఇంటికి వెళ్ళి వంట ఎవరు చేశారు అన్నవి బొమ్మలో లేవు.

ఇంకో ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు. గంప పోవాలని నేను కోరుకుంటున్నాను. గంపతోపాటు కూలి కూడా పోతే? వరికోత మిషన్లు వచ్చాక మా ఊళ్ళో కోతల కూలి ఎలా పోయిందో చూశాం. వంగి కోసే నొప్పి పోయింది, ఆ పదిహేను రోజుల డబ్బూ పోయింది. మిషను నడపడానికి వచ్చినవాళ్ళు మగవాళ్ళు. నొప్పి నుంచి విముక్తి పేరుతో బతుకుతెరువు నుంచి విముక్తి దొరికింది. అందుకే బరువు ఎత్తే యంత్రం రావాలా వద్దా అన్నది సగం ప్రశ్నే. మీట ఎవరి చేతిలో ఉంటుందన్నది మిగతా సగం.

మీట చేతికి రావాలంటే సీటు ఎక్కడం ఒక్కటే చాలదు. వ్యవసాయ యంత్రాల మీద కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన ఉపపథకంలో చాలా పరికరాలకు స్త్రీలకు 50 శాతం రాయితీ పెట్టారు. మంచిదే. కానీ భార్య పేరు దరఖాస్తులో, తాళంచెవి భర్త జేబులో ఉన్న ఇళ్ళు మనకు తెలియనివి కావు. భూమి లేనిదే అప్పు పుట్టదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం సవరించింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ వాటా అడిగిన ఆడపిల్లలు మా ఊళ్ళో ఎంతమంది అని లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు మిగిలిపోతాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల పరీక్షకూ, శిక్షణకూ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఇలాంటి చోట్ల శిక్షణ స్త్రీలకు దొరకాలి. శిక్షణంటే స్టీరింగ్ తిప్పడం మాత్రమే కాదు. టాప్ లింక్ ఎందుకు బిగించాలి, బరువును ఎక్కడ తగిలించాలి, కేటలాగులో రాసిన ఎత్తే సామర్థ్యం కింది చేతుల చివర కొలిచిందా, దాని వెనక 610 మిల్లీమీటర్ల దగ్గర కొలిచిందా అన్నది కూడా. ఎందుకంటే ఆ అంకె గొట్టం చివరికి వచ్చేసరికి ఎంతో తగ్గిపోతుంది. ఆ సంగతి తెలియని మనిషి చేతిలో మీట పెట్టడం కూడా ఒక రకమైన మోసమే.

నేను ఇప్పుడు పక్కావిడ ట్రాక్టరుతో చిన్న బరువులు ఎత్తగలను. ఆపరేషన్ తర్వాత నా ఒళ్ళు నాకు కొంత పరాయిదైపోయినట్టు అనిపించిన రోజుల్లో ఈ పని నాకు ధైర్యమిచ్చింది. పది పౌండ్లు ఎత్తకూడని మనిషి 180 కిలోలు ఎత్తే లెక్కను అర్థం చేసుకోగలదు. బలహీనత అనే మాటకు ఇంతకాలం మనకు చెప్పిన అర్థం ఎంత బోలుదో తెలిసింది. కండలే బలమైతే, ఆ ఇద్దరు మగాళ్ళకూ యంత్రం అవసరం ఉండకూడదు కదా. 180 కిలోల ముందు వాళ్ళూ నేనూ దాదాపు సమానమే. తేడా వచ్చేది మీట దగ్గర, లెక్క దగ్గర.

పోయిన ఏడాది ఫోన్‌లో అమ్మకు ఈ సంగతంతా చెప్పాను. వీడియోలో బూమ్ పోల్ చూపించాను. చాలాసేపు చూసింది. "నా నడుం ఇరగకముందు రాకపాయె బిడ్డా" అని నవ్వింది. నీ గంప ఎంత బరువుండేదమ్మా అని అడిగాను. "ఎన్ని కిలోలో ఎవలకెర్క? ఎత్తినోళ్ళు ఎత్తిండ్రు, మోసినోళ్ళం మోసినం" అంది.

నాకు తెలియాలి. అందుకని చెల్లెలితో చెప్పి, మా కొట్టంలో ఇంకా ఉన్న ఆ గంపలో పచ్చిపెంట నింపించి తూకం వేయించాను. 27 కిలోలు. కుప్ప నుంచి పొలానికి నాలుగు వందల మీటర్లు. అమ్మ చెప్పిన ప్రకారం పూటకు ఇరవై గంపలు. అంటే పూటకు 540 కిలోలు, బరువుతో ఎనిమిది కిలోమీటర్లు, ఖాళీ గంపతో మరో ఎనిమిది. ఈ అంకెను నేను ఇక్కడ రాసిపెడుతున్నాను. మీ ఇళ్ళల్లో, మీరు పాఠాలు చెప్పే విద్యార్థుల ఇళ్ళల్లో, తూకం వేయని గంపలు ఇంకా ఉన్నాయి. మోసినవాళ్ళు ఉండగానే వాళ్ళను అడగండి. బరువు ఎంత, దూరం ఎంత అని.